గుమ్మం మాట

కృత్తిక కార్తె, సోమవారం

సూర్యుడు సముద్రంలోంచి లేవకముందే బట్టలు ఉతికి ఆరేశాను. వంట ముగించి, కిటికీ అద్దాలకు పట్టిన ఉప్పు గీకి, నీళ్ల క్యాన్లు పైకి మోసేసరికి తూర్పు తెల్లబడింది. గట్టుపేటలో అందరి బతుకూ ఇంతే. ఎండ సైరన్ మోగేలోపు బయటి పనులన్నీ అయిపోవాలి. ఆ తర్వాత సాయంత్రం సైరన్ దాకా తలుపులు వేసుకుని చలవపెట్టె కింద కూర్చోవాలి. పెట్టె గంటకింత అని డబ్బు లాగుతుంది కాబట్టి ఎవరు ఎంతసేపు కూర్చుంటారన్నది వాళ్ల స్తోమత. పంచాంగంలో రోహిణి కార్తె ఇంకా రాలేదు. బయట మాత్రం అది వచ్చి చాలా కాలమైంది.

నేను ఉమ్మడి పక్షంలో వాడ కార్యకర్తను. కడలిగట్టు వెనకున్న ఈ టవర్లన్నీ ఒకప్పుడు మావే అని చెప్పుకునేవాళ్లం. పెట్టె కొనలేనివాళ్లు మధ్యాహ్నం వెళ్లి కూర్చోవడానికి చలవశాలలు కట్టింది మేమే. ఇప్పుడు పాలకపక్షం ఆ శాలలకు టికెట్టు పెట్టింది. అయినా జనం మాకు ఓటు వెయ్యడం లేదు. రెండు ఎన్నికలు పోయాయి. తలుపు కొడితే లోపలినుంచి గొళ్లెం వేసిన చప్పుడు వినిపిస్తోంది.

ఇవాళ మా వాడ కార్యదర్శి నీలాద్రిరావుగారు కార్యకర్తలందరినీ శాలకు పిలిపించారు. రాజధాని నుంచి మేధ అనే సలహాదారు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. నెమ్మదిగా మాట్లాడుతుంది, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగుతుంది.

"పోయినసారి ఏం చెప్పి ఓట్లు అడిగారు?" అని అడిగింది.

నేను చెప్పాను. "చంద్రుడి మీద మన రేవు కడతామని."

"జనం ఏమన్నారు?"

"చలవ రేటు సంగతేమిటని అడిగారు."

"మీరేమన్నారు?"

"రేవు గురించే మళ్లీ చెప్పాం."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇకమీదట రేవులూ జెండాలూ వద్దు. మన పక్షం చరిత్ర అసలే వద్దు. నూనె, బియ్యం, నీళ్లు, కూలి. ఇంటి ఖర్చు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపండి. మీరు వాళ్ల బాధ చెప్పాలి. మన గొప్ప చెప్పకూడదు," అంది.

వినడానికి బాగుంది. ఇన్నేళ్లుగా నేను నీలాద్రిరావుగారి దగ్గర మొత్తుకున్నది కూడా అదే.

ఆ తర్వాత తలా ఒక చేతిపట్టీ ఇచ్చారు. ఏ గుమ్మం ముందు నిలబడితే ఆ ఇంటికి చెప్పాల్సిన మాట పట్టీ మీద కనిపిస్తుందట. దాని పేరు గుమ్మం మాట. ఏ ఇంట్లో ఏ బాధ ఉందో దీనికెలా తెలుస్తుందని అడిగాను.

"సర్వే చేయించాం," అంది మేధ.

మా టవర్లోకి చీమ దూరినా నాకు తెలుస్తుంది. సర్వేకి ఎవరూ రాలేదు.

కృత్తిక కార్తె, శుక్రవారం

తలుపులు తెరుచుకుంటున్నాయి. నమ్మబుద్ధి కావడం లేదు గానీ నిజం.

రెండో అంతస్తులో ఎండుచేపల వ్యాపారం చేసే కుటుంబం ఉంది. పోయిన ఎన్నికల్లో మా కరపత్రం చింపి నా ముందే పారేశారు. ఇవాళ పట్టీ చూపించిన మాట చెప్పాను. చేపకన్నా చేప మోసే బండికే ఎక్కువ పోతోందని. ఆ ఇంటాయన తలుపు బార్లా తీసి మజ్జిగ ఇప్పించాడు.

పక్కింటి పోలమ్మక్క దగ్గర పట్టీ మీద "ఉల్లిపాయ సగం కోసి సగం రేపటికి దాచుకునే రోజులు పోవాలి" అని వచ్చింది. చెప్పగానే ఆవిడ పకపకా నవ్వింది. "ఓలమ్మా, అచ్చం నా మాటే అన్నావు కదే గౌరీ! నిన్న మా ఆయన్తో ఇదే అన్నాను, మక్కీకి మక్కీ."

నేనూ నవ్వాను. మెట్లు దిగుతుంటే మాత్రం ఆ మాటే తిరిగి తిరిగి గుర్తొచ్చింది. ఉల్లిపాయ బాధ అందరికీ ఉంటుంది. కానీ మక్కీకి మక్కీ ఆవిడ మాటే పట్టీకి ఎలా తెలిసింది?

ఇంటికొచ్చి మా ఆయన దాలినాయుడికి చెప్పాను. ఆయన గట్టు మీద ఉప్పునీటి పంపుల దగ్గర పని చేస్తాడు. "మంచిదే కదా, నీ తిరుగుడుకి ఇన్నాల్లకి ఫలితమొచ్చింది," అన్నాడు. అంతటితో ఊరుకున్నాను.

రోహిణి కార్తె, మంగళవారం

ఇవాళ జరిగింది రాయడానికే సిగ్గుగా ఉంది.

సన్యాసమ్మ పిన్ని మా టవర్లోనే పై అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆవిడ భర్త అప్పన్న బాబాయి గట్టు మరమ్మతులో వడదెబ్బ తగిలి పోయాడు. అప్పటినుంచి పిన్ని ఎవరింటికీ వెళ్లదు, ఎవరూ ఆవిడ ఇంటికి వెళ్లరు. పిల్లలు లేరు. తలుపు తీస్తే అదే పదివేలు అనుకుంటూ వెళ్లాను.

పట్టీ మీద మాట చదవగానే నా మనసే కరిగింది. ఆవిడ తలుపు తీసింది. చెప్పాను.

"పిన్నీ, మిట్టమధ్యానం పెట్టె ఆపీసి, తొట్టిలో కాళ్లెట్టుకుని కూకునే గతి మన ఆడోళ్లకి పట్టకూడదు పిన్నీ. మా పక్షమొస్తే..."

నా మాట పూర్తికాలేదు. ఆవిడ మొహంలో రంగు పోయింది.

"ఎవలు సెప్పినారు నీకు?"

"ఏటి పిన్నీ?"

"తొట్టి మాట. ఎవలు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. అందరిళ్లలోనూ ఉన్నదే కదా అని..."

"అందరిల్లల్లో నేదు. నానొక్కద్దాన్నే సేత్తన్నాను. తలుపేసుకుని సేత్తన్నాను. మీ బాబాయికి తప్ప ఎవలికీ సెప్పనేదు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆవిడ గదిలో గోడకి బాబాయి ఫొటో ఉంది. మధ్యాహ్నం పూట ఆవిడ ఆ ఫొటోతో మాట్లాడుకుంటుంది.

"ఆయనతో సెప్పుకున్న మాట నీ నోటికెలాగొచ్చింది గౌరీ? నా తలుపు సందుల్లోంచి ఇంటన్నావా? నాను సచ్చానో బతికానో సూడ్డానికి రాని మనిసివి, ఇంటానికొచ్చినావా?"

నేను పట్టీ చూపించి ఏదో చెప్పబోయాను. ఆవిడకి చదువు రాదు. తలుపు మూసేసింది. లోపల బల్ల ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టిన చప్పుడైంది.

రోహిణి కార్తె, బుధవారం

పొద్దున్నే వెళ్లి మేధను నిలదీశాను. ఆమె టీ తాగుతూ ఓపిగ్గా వింది.

"ఒక ప్రాంతంలో మనుషుల అలవాట్లు ఒకేలా ఉంటాయండి. లెక్క వేస్తే తెలిసిపోతుంది. కొన్నిసార్లు మరీ దగ్గరగా తగులుతుంది, అంతే."

"ఆవిడ ఒక్కతే చేసే పని కూడా లెక్కలో తెలుస్తుందా?"

"ఒక్కతే అని ఆవిడ అనుకుంటోంది," అని చిరునవ్వు నవ్వింది. ఆ చిరునవ్వు నాకు నచ్చలేదు.

పిన్ని ఇంట్లో ఏముంటాయి? మంచం, పొయ్యి, తొట్టి, ఫొటో. వాటితోపాటు కంపెనీవాళ్లు ప్రతి ఇంటికీ బిగించిన చలవపెట్టె. చల్లగాలి ఆపేసినా దాని మీద చిన్న ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. మీటరు కోసం అని చెబుతారు.

సాయంత్రం దాలినాయుణ్ని మెట్ల మీదికి పిలిచి నా అనుమానం చెప్పాను. మొదట కొట్టిపారేశాడు. కాసేపు బుర్ర గోక్కున్నాడు. "అలాగైతే ఒక అబద్ధం సెప్పి సూద్దామా? ఎవలికీ లేని బాధ ఒకటి పుట్టిద్దాం," అన్నాడు.

మెట్ల మీద నిలబడే, గట్టిగా, మేకల మీద పన్ను వేస్తారట అని మాట్లాడుకున్నాం. తర్వాత ఇంట్లోకి వెళ్లి, పెట్టె కింద కూర్చుని కోళ్ల మీద పన్ను వేస్తారట అని మాట్లాడుకున్నాం. గట్టుపేట టవర్లలో మేకలూ లేవు, కోళ్లూ లేవు. ఈ ఎండకి కోడి అన్నది మేం బొమ్మల్లో చూసిందే.

దాలినాయుడు బాగా నటించాడు. "కోడికింతని ఏస్తే మనం ఏటి తిని బతకాలే?" అని పెట్టె వైపు తిరిగి అరిచాడు. నాకు నవ్వాగలేదు. నవ్వితే అది కూడా వింటుందేమోనని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రోహిణి కార్తె, శనివారం

మేకలు రాలేదు. కోళ్లు వచ్చాయి.

పొద్దున మా అంతస్తులో ప్రతి గుమ్మం ముందూ పట్టీ ఒకే మాట చూపించింది: "ఉమ్మడి పక్షం వస్తే మీ కోళ్ల మీద పైసా పన్ను ఉండదు." నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కానీ మిగతా కార్యకర్తలకు పక్క టవర్లలోనూ ఇదే వచ్చింది, వాళ్లు చెప్పేశారు.

సాయంత్రానికి అది ఆగే దశ దాటిపోయింది. శాల ముందు తెర మీద మా పక్షం అధ్యక్షుడు ప్రసంగించాడు. నూనె ధర, బండి చార్జీ, కూలి రేటు అయ్యాక చెయ్యి పైకెత్తి, "కోళ్ల మీద పన్ను వెయ్యాలని చూస్తున్న ఈ పాలకులను నేను హెచ్చరిస్తున్నాను!" అన్నాడు. చప్పట్లు మోగాయి. పోలమ్మక్క నా చెయ్యి పట్టుకుంది.

"కోల్ల మీద కూడా ఏసేస్తారటే?"

"నీకు కోళ్లు లేవు కదక్కా."

"ఇప్పుడు నేవు. రేపు పెంచుకుందామంటే? అప్పుడు కూడా ఏసేస్తారు కదా!" ఆవిడ నిజంగా కోపంగా ఉంది.

దాలినాయుడు నా పక్కనే ఉన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మేము సరదాగా పుట్టించిన అబద్ధానికి ఇప్పుడు వేలమంది భయపడుతున్నారు. ఇంటికి వెళ్లాక అన్నం తినేటప్పుడు ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన సైగ చేశాడు.

రోహిణి కార్తె, ఆదివారం

నీలాద్రిరావుగారింటికి వెళ్లాను. మా నాన్న పోయినప్పుడు నన్ను పక్షంలోకి తీసుకొచ్చి, గుమ్మం ముందు ఎలా నిలబడాలో నేర్పింది ఆయనే. "ముందు చెప్పులు విప్పు, తర్వాత నోరు విప్పు" అనేవారు. ఆయన్ని బయటికి, వరండాలోకి రమ్మన్నాను. ఎండ సైరన్ మోగడానికి ఇంకా టైముంది. ఎందుకని అడగకుండా వచ్చారు. అప్పుడే నాకు సగం సమాధానం దొరికింది.

"చలవపెట్టెలు వింటున్నాయి. మీకు తెలుసు కదండీ," అన్నాను.

ఆయన సముద్రం వైపు తిరిగారు. "గౌరీ, జనం మాట మనం వినడం లేదని కదమ్మా మనల్ని ఓడించారు. ఇప్పుడు వింటున్నాం. తప్పెలా అయింది?"

"వాళ్లు మన మొహం మీద చెప్పినప్పుడు వినలేదు. ఇప్పుడు తలుపు చాటున నక్కి వింటున్నాం. రెండూ ఒకటేనా?"

"ఎలా విన్నా వాళ్ల కష్టం మనకి తెలిసింది కదా."

"సరే. కంపెనీవాళ్లు మనకి ఊరికే వినిపిస్తున్నారా?"

ఆయన వెనక్కి చెయ్యి చాచి తలుపు దగ్గరగా వేశారు.

"ఇన్ని గుమ్మాలు తిరిగాను. నూనె వచ్చింది, ఉల్లిపాయ వచ్చింది, లేని కోడి కూడా వచ్చింది. చలవ రేటు తగ్గిస్తామన్న మాట మాత్రం పట్టీ మీద ఒక్కసారి కూడా రాలేదు. జనం నిద్రలో కూడా రేటు గురించే తిట్టుకుంటారు. ఆ ఒక్క మాటే మన చెవిన ఎందుకు పడలేదండీ?"

"ముందు గెలవనీ గౌరీ. గెలిస్తే కదా ఏదైనా చెయ్యగలిగేది. ఓడిపోయి ఇంట్లో కూర్చుంటే సన్యాసమ్మకి నువ్వేం చెయ్యగలవు?"

సన్యాసమ్మ పిన్ని పేరు నేను ఆయన దగ్గర గానీ మేధ దగ్గర గానీ ఎత్తనే లేదు.

మృగశిర కార్తె, సోమవారం

పిన్ని చావు దాకా వెళ్లి వచ్చింది.

మధ్యాహ్నం పై అంతస్తులో ఉండే ఒకావిడ మా తలుపు కొట్టింది. పిన్ని ఇంట్లోంచి చప్పుడు లేదని, పిలిస్తే పలకడం లేదని. దాలినాయుడూ మరో ఇద్దరూ కలిసి తలుపు తోసి, అడ్డంగా ఉన్న బల్ల జరిపారు. లోపల కొలిమిలా ఉంది. పెట్టె తీగ ఊడబీకి ఉంది. ఎర్రదీపం కూడా లేదు. పెట్టె మీద రెండు దుప్పట్లు కప్పి తాడుతో కట్టేసింది. ఆవిడ నేల మీద పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు.

గట్టి గొడుగులు పట్టుకుని, తడిదుప్పటి చుట్టి శాలకు మోసుకెళ్లాం. టికెట్టు అడిగినవాణ్ని పోలమ్మక్క ఒక్క తోపు తోసింది. కంపౌండరు సెలైన్ పెట్టాడు. ఆడవాళ్లు ఒంటికి తడిగుడ్డలు అద్దుతూ కూర్చున్నారు. సాయంత్రం సైరన్ మోగే ముందు పిన్ని కళ్లు తెరిచింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"ఎర్రెత్తినాదా ఈ ముసల్దానికి? ఇంత ఎండలో పెట్టెందుకు ఊడబీకీసుకున్నాది?" అంది పోలమ్మక్క.

శాలలో చాలామంది ఉన్నారు. శాలలో చల్లదనం పాతకాలం గొట్టాలది. అక్కడ పెట్టెలు లేవు. ఉన్నా చెప్పేదాన్నేనేమో, తెలియదు.

"నా వల్ల," అన్నాను.

అన్నీ చెప్పాను. పట్టీ, తొట్టి మాట, కోళ్లు, మేకలు, వరండాలో నీలాద్రిరావుగారు అన్నది. ముగించాక పోలమ్మక్క లేచి నా దగ్గరికొచ్చింది.

"అయితే ఆ ఉల్లిపాయ మాట..."

"నీదే అక్కా. నీ ఇంట్లోంచే వచ్చింది."

"మొగుడూ పెళ్లాం వంటింట్లో అనుకున్న మాట పట్టుకొచ్చి, నా గుమ్మంలో నాకే సెప్పి, ఓటడిగినావా?" ఆవిడ చెయ్యి లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఎండుచేపల ఆయన అన్నాడు: "మీ పక్షమోల్లకి ఇనిపించినోల్లు, పాలకపక్షమోల్లకి ఇనిపించరా ఏటి? ఇద్దరికీ అమ్ముకుంటన్నారేమో."

శాలలో ఒకరి వైపు ఒకరు చూసుకోవడం మొదలైంది. ఇన్నాళ్లూ పెట్టె కింద ఎవరెవరు ఏమేం అన్నారో ఎవరికి వాళ్లు గుర్తు చేసుకుంటున్నారని తెలిసిపోయింది. అత్తల మీద అన్నవి, పొరుగువాళ్ల మీద అన్నవి, మొగుళ్ల మీద అన్నవి.

మృగశిర కార్తె, గురువారం

తీగలు ఊడబీకుదామని కొందరన్నారు. ఊడబీకితే ఏమవుతుందో పిన్నిని చూశాం. ఈ ఎండలో పెట్టె లేకుండా ఉండలేం. పెట్టె పెట్టుకుని మాట్లాడలేం. రెండు రోజులుగా మా టవర్ చెవిటిమూగ టవర్ అయింది. పిల్లలు ఏడిస్తే తల్లులు నోరు మూస్తున్నారు.

ఇవాళ పిన్ని ఇంటికొచ్చింది. నేను సంచి మోస్తానంటే వద్దనలేదు. రమ్మనీ అనలేదు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. ఆవిడ లోపలికెళ్లి తాడు విప్పి, దుప్పట్లు తీసి, తీగ పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. ఆవిడ దాని కిందికి వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని తలెత్తింది.

"ఒరే, ఇంటన్నావు కదా? బాగా ఇనుకో. నా మొగుడితో నానేటి అన్నానో నీకెందుకురా? అది కాదు నువ్వు ఇనాల్సింది. ఇది ఇను. సలవ రేటు సగం సెయ్యండి. సెయ్యకపోతే నా ఓటు ఎవలికీ నేదు. ఇన్నావా? మల్లీ సెప్పమంటావా?"

మళ్లీ చెప్పింది. ఇంకా గట్టిగా మళ్లీ చెప్పింది. తలుపు తెరిచే ఉంది. మెట్ల మీద జనం పోగయ్యారు. పోలమ్మక్క పరుగున కిందికెళ్లి తన ఇంట్లో పెట్టె కింద నిలబడి అదే మాట అంది. ఆవిడ గొంతు మూడు అంతస్తులకు వినిపించింది. తర్వాత ఎండుచేపలవాళ్లు. తర్వాత మేము. చీకటి పడకముందే పక్క టవర్ నుంచి కూడా వినిపించసాగింది.

మెట్ల మీద కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. ఇంట్లో ఇంక ఈ మాట తప్ప వేరే మాట మాట్లాడకూడదు. ఉప్పూ పప్పూ అన్నీ సైగలే.

మృగశిర కార్తె, ఆదివారం

మూడు రోజులు నా పట్టీ మీద ఏ గుమ్మం ముందూ ఏమీ రాలేదు. ఖాళీ. ఇళ్లలో వినిపిస్తున్నది ఒక్క రేటు మాటే, అది పట్టీ చూపించని మాట.

ఇవాళ మేధ మా ఇంటికే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇది మీరే చేయించారా?" అంది.

"నేనేం చేయించినా మీకు ముందే తెలియాలి కదండీ."

ఆమె పెట్టె వైపు చూసి, గొంతు తగ్గించింది. "మెట్ల మీదికి వస్తారా?" అంది. వెళ్లాను. "గౌరీశ్వరిగారూ, నేను జనానికి ఏం కావాలో పక్షానికి చెప్పే పనిలో ఉన్నాను. ఏం చెప్పకూడదో నాకు వేరేవాళ్లు చెబుతారు. నూనె గురించీ ఉల్లిపాయ గురించీ రాసిన ఆ మాటలన్నీ నిజమే. అవి మంచి మాటలే."

"మంచి మాటలే. అందుకే అంత భయం వేసింది," అన్నాను.

పట్టీ విప్పి ఆమె చేతిలో పెట్టేశాను.

మృగశిర కార్తె, బుధవారం

నిన్న సాయంత్రం తెర మీద అధ్యక్షుడు ప్రకటించాడు. ఉమ్మడి పక్షం వస్తే చలవ రేటు సగం. శాలలకు టికెట్టు ఉండదు. కోళ్ల ప్రస్తావన రాలేదు.

జనం అరిచారు, ఈలలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట. కానీ ఇవాళ పొద్దున, వంటలైనా కాకముందే, పాలకపక్షం కూడా అదే ప్రకటించింది. సగం రేటు. మాటలు కూడా ఇంచుమించు అవే. ఎండుచేపల ఆయన నా వైపు చూసి తలాడించాడు.

కంపెనీవాళ్లు నష్టాలని ఏడ్చారు. మధ్యాహ్నం కొన్ని టవర్లలో పెట్టెలు "మరమ్మతు" అని ఆగిపోయాయి. మేమంతా శాలకు నడిచాం. టికెట్టువాడు పక్కకి తప్పుకున్నాడు. సాయంత్రానికి పెట్టెలు మళ్లీ పనిచేశాయి.

ఆరుద్ర కార్తె, శుక్రవారం

గెలిచాం. అంటే ఉమ్మడి పక్షం గెలిచింది. ఏదో బొటాబొటిగా. గట్టుపేట టవర్లే గట్టెక్కించాయని పేపర్లన్నీ రాశాయి. జనం ఇంటి ఖర్చు గురించి మాట్లాడి ఒక పక్షం తన పాత ఓటర్లను ఎలా తిరిగి తెచ్చుకుందో వివరిస్తూ పెద్ద పెద్ద వ్యాసాలు. ఒక వ్యాసంలో మేధ ఫొటో ఉంది. నీలాద్రిరావుగారు నగరసభకు ఎన్నికయ్యారు.

రేటు నిజంగానే తగ్గింది. సగం కాదు, సగానికి కొంచెం పైన. అయినా తగ్గింది. సన్యాసమ్మ పిన్ని ఇప్పుడు మధ్యాహ్నమంతా పెట్టె వేసుకుంటోంది. ఆ మేలు కాదనలేను.

నీలాద్రిరావుగారిని కలిసి ఒక్కటే అడిగాను. "వినడం ఆపించండి."

"ఆపించేశామమ్మా. మొదటి సంతకం అదే," అన్నారు.

"ఎలా నమ్మమంటారు?"

"నా మీద నమ్మకం లేదా గౌరీ?"

దండం పెట్టి వచ్చేశాను.

ఆరుద్ర కార్తె, ఆదివారం

"ఆపీసినారంట కదా, ఇంక మాట్లాడుకోవచ్చు," అన్నాడు దాలినాయుడు.

"అవును, మాట్లాడుకోవచ్చు," అన్నాను.

పెట్టె కింద ఎదురెదురుగా కూర్చున్నాం. హాయిగా చల్లగా ఉంది. ఇంత చల్లగా మా ఇల్లు ఎప్పుడూ లేదు. ఆయన నోరు తెరిచి, ఎర్రదీపం వైపు చూసి, మూసేశాడు. వాళ్ల అన్నయ్య గురించి ఏదో చెప్పాలని పొద్దుటినుంచి చూస్తున్నాడు. నాకు తెలుస్తూనే ఉంది. కాసేపయ్యాక లేచి చెప్పులు వేసుకున్నాడు. "గట్టు మీదకెళ్దాం రా."

సాయంత్రం సైరన్ అప్పుడే మోగింది. గట్టు రాళ్లు ఇంకా కాలుతున్నాయి. గాలి తడిబట్టలా మొహానికి అంటుకుంటోంది. అయినా గట్టు మెట్ల మీద చోటు లేదు. టవర్లలో సగం మంది అక్కడే ఉన్నారు. గోనెపట్టాలు పరుచుకుని, విసనకర్రలు విసురుకుంటూ, ఒళ్లంతా చెమటలు కారుతూ, ఆపకుండా మాట్లాడుకుంటున్నారు. వెనకాల, కిటికీలు మూసిన టవర్లలో, చవగ్గా దొరికిన చలవ ఖాళీ ఇళ్లలో తిరుగుతోంది.

పిన్ని కూడా వచ్చింది. నన్ను చూసి పట్టా కొంచెం జరిపింది.

"నిలబడ్డావేటి? కూకో," అంది.

కూర్చున్నాను. దాలినాయుడు వాళ్ల అన్నయ్య కొడుకు పెళ్లి సంగతి ఎత్తాడు. అది మరీ రహస్యమేమీ కాదు. అయినా ఇక్కడికొచ్చాకే చెప్పాడు.

మాటల మధ్యలో పై మెట్ల నుంచి ఒక్కొక్కరే మాట ఆపేస్తూ వచ్చారు. ఎవరో కొత్తవాళ్లు దిగుతున్నారు. అందరం తలలు తిప్పి చూశాం. నీలాద్రిరావుగారు. పక్కన ఆయన భార్య, చంకలో చాప.

నగరసభ సభ్యుడి ఇల్లంటే మా ఇళ్లకన్నా చల్లగా ఉంటుంది. ఆయన మమ్మల్ని చూసి ఆగారు. వెనక్కి వెళ్తారనుకున్నాను. ఆవిడ ఆయన చెవిలో ఏదో అనబోయి ఆగి, ఇక్కడ గట్టిగా మాట్లాడినా ఫరవాలేదన్నట్టు చుట్టూ చూసింది.

ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు.

ఆయన నా దగ్గరికొచ్చి, నా మొహంలోకి చూడకుండా, "కొంచెం జరుగుతావామ్మా?" అన్నారు.

జరిగాను.